చల్లటి కుడితి

నా చిన్నప్పుడు మా ఇంట్లో యూరియా బస్తా బియ్యం బస్తా పక్కనే ఉండేది. ఇప్పటివాళ్ళు వింటే ముక్కున వేలేసుకుంటారు కానీ, మాది రెండు గదుల పెంకుటిల్లు. వానకు కారని మూల ఒక్కటే ఉండేది, తడవకూడనివన్నీ అక్కడికే చేరేవి. దాళ్వా వరికి, అంటే రెండో పంటకు, వేయడానికి మా నాన్న తెచ్చిన ఆ బస్తా మీద కూర్చునే నేను ఎక్కాలు వల్లె వేసేదాన్ని. పెద్దవాళ్ళు దాన్ని పిండి అనేవాళ్ళు. పిండి పడిన వారానికల్లా చేను ఎలా నల్లబడి లేస్తుందో చెప్పుకుని మా నాన్న మురిసిపోతుంటే వింటూ పెరిగాను. అందులో భయపడవలసింది ఉందని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. దాన్ని సాకుగా చెప్పుకోవడం లేదు. బళ్ళో ఒకాయన చెప్పారు, నేనే చెవిన పెట్టలేదు.

మా ఊరు పామర్రుకు నాలుగు మైళ్ళ దూరంలో, కాలవ గట్టున ఉంది. అప్పుడు నాకు పదేళ్ళు, ఐదో తరగతి. ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మా మాస్టారు బెజవాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చినాయన. మా బడిలో సుద్దముక్కలకే దిక్కు లేదు, ఇక ప్రయోగాలకు గాజుసామాను ఎక్కడిది? ఆయన టీ కొట్టులో అడిగి ఎనిమిది గాజు గ్లాసులు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టారు. ఇంట్లో దొరికేది ఏదో ఒకటి పొట్లం కట్టి తెమ్మని ముందురోజే మాకు చెప్పారు. నీళ్ళలో ఏది కరుగుతుందో, ఏది కరగదో మన కళ్ళతో మనమే చూద్దామన్నారు.

పిల్లల సంగతి తెలిసిందే. సగం మంది ఉప్పే తెచ్చారు. ఒకడు పంచదార తెస్తూ దారిలోనే చాలావరకు తినేశాడు. పసుపు, బియ్యప్పిండి, ముగ్గు, కొబ్బరినూనె వచ్చాయి. ఒకమ్మాయి పొయ్యిలో బూడిద తెచ్చింది. నాకు మొదటి నుంచీ ఒక జబ్బు ఉంది, నలుగురూ చేసింది నేను చేయకూడదు. అందుకని బస్తా మూతి కుట్టు కాస్త వదులు చేసి ఒక దోసెడు యూరియా పట్టుకెళ్ళాను.

మాస్టారు ఒక్కో గ్లాసులో ఒక్కో పొట్లం వేసి పుల్లతో తిప్పారు. ఉప్పు మాయమైంది. పంచదారా మాయమైంది. పసుపు నీళ్ళకు రంగిచ్చి అడుక్కి దిగింది. నూనె పైకి తేలి కూర్చుంది. నా పొట్లం విప్పి చూసి, "ఇదెక్కడి వంటింటి సరుకమ్మా!" అని నవ్వి, సరే కానిమ్మని అదీ వేశారు. తిప్పుతుండగానే గ్లాసు బయట చెమట పట్టింది. ఆయన దాన్ని వరసన అందరి చేతుల్లోనూ పెట్టించారు. ఆ రేకుల షెడ్డులో, ఆ ఎండలో, కొత్తకుండలో నీళ్ళ కంటే చల్లగా ఉంది. తరగతి మొత్తం నా వంక చూసింది. అంత గొప్పగా నాకు అంతకు ముందెప్పుడూ అనిపించలేదు.

కరిగింది ఎక్కడికీ పోదు, కనబడదంతే అని చెప్పడానికి ఉప్పునీళ్ళు వేలితో తీసుకుని నాలిక్కి రాసుకోమన్నారు మాస్టారు. నా గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "ఇది ఎవ్వరూ నోట్లో పెట్టుకోకూడదు" అని గట్టిగా చెప్పి, బయటికి తీసుకెళ్ళి పారబోసి, గ్లాసును రెండుసార్లు తోమించారు. ఆ మాట నేను విన్నాను. అప్పటికి నా అరచేతికి ఆ చల్లదనం అంటుకుని ఉంది, బుర్రకు ఇంకేమీ ఎక్కలేదు.

మా గోడను ఆనుకునే పక్కింటి అక్క ఇల్లు. సొంత అక్క కాదు, మా అమ్మ కంటే అయిదారేళ్ళు చిన్న. మొగుడితో పడక పుట్టింటికి వచ్చేసింది. ముసలి తల్లి, తను, ఒక గేదె, అంతే ఆ ఇల్లు. పొద్దునా సాయంత్రం పాలకేంద్రంలో పాలు పోసేది, మధ్యలో కూలికి వెళ్ళేది. గేదె ఈని నెల కూడా కాలేదు. దూడ ఇంకా కాళ్ళు తడబడుతూ నడిచేది. అక్క పొలం వెళ్తూ గోడ మీంచి తొంగి చూసి, "అమ్మాయ్, మధ్యాన్నం దానికి కాస్త కుడితి పెట్టవే" అని నాకు చెప్పి పోయేది. మా ఇంట్లో నా చేతికి గాజు గిన్నె కూడా ఇచ్చేవాళ్ళు కాదు, పగలగొడతానని. అక్క మాత్రం గేదెనే నాకు అప్పజెప్పేది. ఆ గేదె అంటే నాకు ప్రాణం.

ఆ గ్లాసుల రోజున అక్కా, మా అమ్మా నాన్నా అందరూ మా చేలోనే కలుపు తీస్తున్నారు. ఇళ్ళ దగ్గర మా నాయనమ్మా, అక్క తల్లీ, ఇద్దరు ముసలివాళ్ళే మిగిలారు. నేను బడి నుంచి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. రోజూ ఎండ ముదరకముందే గేదెను కాలవకు తోలి, కుడితి వేళకు తోలుకొచ్చేవాళ్ళు, ఆ రోజు తోలుకెళ్ళేవాళ్ళు లేరు. తాటాకు కొట్టం కింద కూడా సెగ కొడుతోంది. గేదె నాలుక బయటపెట్టి రొప్పుతోంది. గోలెంలో కుడితి ముట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. అప్పుడే ఆ బుద్ధి పుట్టింది నాకు. ఆలోచించలేదని అనను, ఆలోచించాను కూడా. మా నాన్న పిండి చల్లిన చేల గట్ల మీది గడ్డే కదా ఇది రోజూ మేసేది, దీనికేమవుతుంది అనుకున్నాను. ఇంట్లోకి వెళ్ళి రెండు దోసిళ్ళు తెచ్చి కలిపాను. గ్లాసు చల్లబడినట్టు గోలెం చల్లబడలేదు. ఇంకో మూడు దోసిళ్ళు తెచ్చి చేయి పెట్టి తిప్పాను.

గేదె మూతి పెట్టి వెంటనే వెనక్కి తీసుకుంది. తల విదిలించింది. నేను దాని మెడ నిమిరి, రెండు గుప్పిళ్ళ తవుడు పైన చల్లి, పసిపిల్లను బతిమాలినట్టు బతిమాలాను. తవుడు వాసనకు తాగింది. సగానికి పైగా తాగింది. హమ్మయ్య అనుకుని చేతులు కడుక్కుని అన్నానికి వెళ్ళాను.

అన్నం తిని వచ్చేసరికి దాని చెవులు అదురుతున్నాయి. కాసేపటికి ఒళ్ళంతా అదరడం మొదలుపెట్టింది. నోటి వెంట నురగ కారింది. పొట్ట ఉబ్బి బిగిసిపోయింది. గుంజ చుట్టూ తిరగబోయి ముందుకాళ్ళ మీద కూలబడి, ఒక అరుపు అరిచింది. గేదె అలా అరవగలదని నాకు తెలియదు. మా నాయనమ్మ కేకలకు ఊరు చేరింది. అక్క గట్ల వెంబడి పరుగెత్తుకుంటూ వచ్చింది, చేతుల నిండా చేను మట్టి అలాగే ఉంది. ఎవరో సైకిలు మీద వెళ్ళి పక్క ఊరి నుంచి పశువుల డాక్టరు గారిని వెంటబెట్టుకొచ్చారు.

"ఏం మేసిందమ్మా? ఏం తాగింది?" అని అడిగారాయన.

"రోజూ పెట్టేదేనండీ. గడ్డి, కుడితి" అంది అక్క.

ఆయన గోలెంలోకి వంగి చూశారు. అడుగున మిగిలిన కుడితి ఎప్పటిలాగే ఉంది. ఘాటు వాసన వస్తోందంటే, గేదెల కొట్టంలో అది రానిదెప్పుడు? ఆయన లేచి నిలబడి చుట్టూ ఉన్న అందరినీ చూశారు. "ఎవరన్నా ఏమన్నా పెట్టుంటే చెప్పండయ్యా. ఇక్కడ తిట్టేవాళ్ళెవరూ లేరు. లోపల ఏం పడిందో తెలిస్తే దానికి విరుగుడు ఉంటది" అన్నారు. ఆ చూపు నా మీద కూడా పడింది, పడి దాటిపోయింది. పదేళ్ళ పిల్లను ఎవరు అనుమానిస్తారు?

తెలియక ఊరుకున్నానని అనుకోవద్దు. ఆ క్షణానికి నాకు అంతా తెలుసు. గ్లాసు పారబోసి రెండుసార్లు తోమించిన మాస్టారు కళ్ళ ముందు కదిలారు. నోరు తెరిస్తే చాలు. తేలు కుట్టిన దొంగలా మా నాయనమ్మ వెనక నక్కి నిలబడ్డాను. దెబ్బలకు భయపడ్డానా అంటే, మా ఇంట్లో దెబ్బలు కొత్తేమీ కాదు. అక్క నా వంక వేరేలా చూస్తుందని భయపడ్డాను. ఆ భయానికి ఒక ప్రాణాన్ని వదిలేశాను. డాక్టరు గారు పామేమో అన్నారు, ఉబ్బరమేమో అన్నారు, తోచిన సూదులన్నీ వేశారు. రెండు గంటల పైన కొట్టుకుంది. అక్క దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దూడ తాడు లాక్కుంటూ పాల వేళకు అరిచినట్టు అరుస్తోంది. పొద్దు వాలకముందే అంతా అయిపోయింది.

ఆ సాయంత్రం మా ఇంటి మూల గదిలో మా నాయనమ్మ చీపురు పట్టుకుని కనిపించింది. బస్తా దగ్గర నుంచి గుమ్మం దాకా నేను ఒలకబోసిన తెల్లటి పలుకులన్నీ ఊడ్చి, చాటలోకి ఎత్తి, పెరట్లో పోసింది. కుట్టు విడిన మూతిని మళ్ళీ బిగించింది. నా వంక ఒక్కసారి చూసింది. చీపురు మూలన పెట్టి బయటికి వెళ్ళిపోయింది. నాకు బతుకు దొరికినట్టనిపించింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

మర్నాడు పొద్దున్నే ఊరి కోపం ఎదురింటి తాత మీదికి మళ్ళింది. రెండు రోజుల ముందు ఆ గేదె తాడు తెంచుకుని ఆయన తోటకూర మడి మేసేసింది. అక్క తల్లికీ ఆయనకూ పెద్ద గొడవైంది. కోపంలో ఆయన "నీ గేదె చావ!" అన్నాడు. మా ఊళ్ళో ఆ మాట రోజుకు పదిమంది అనేవాళ్ళు, అంతటితో మర్చిపోయేవాళ్ళు. ఈసారి గేదె చచ్చింది. "వీడే పెట్టాడయ్యా నా గేదెకి, వీడి చేతులిరగ!" అని అక్క తల్లి నెత్తి బాదుకుంటోంది. జనం ఆయన్ని అక్క వాకిట్లో నిలబెట్టారు. పోలీసుల దాకా పోవాలని కొందరు, ముందు నాలుగు తగిలించాలని కొందరు. తాత భుజాన తువ్వాలు తీసి రెండు చేతుల్లో పట్టుకుని, "నా మనవడి మీద ఒట్టు, నేనెరగను బాబూ" అంటూ అందరి మొహాలూ చూస్తున్నాడు. అంతకు ముందు నేను ముసలివాళ్ళు ఏడవడం చూడలేదు.

అప్పుడు వచ్చారు మా మాస్టారు, బడికి పిల్లలెవరూ రాలేదేమిటా అని వెతుక్కుంటూ. ఎవరో జరిగింది చెప్పారు. ఆయన కొట్టంలోకి వెళ్ళి గోలెం మీదికి వంగి వాసన చూశారు. చాలాసేపు అలాగే వంగి ఉండిపోయారు. లేచి గుంపులో నన్ను వెతికి పట్టుకున్నట్టు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి దానంతట అదే గౌనుకు తుడుచుకుంది.

ఆయన అక్కను ఒక కంచం అడిగారు. జేబురుమాలులో వడగట్టి, గోలెం అడుగున ఉన్న నీళ్ళు పల్చగా అందులో పోసి, ఎండ పడే అరుగు మీద పెట్టారు. "ఈ నీళ్ళలో ఏదన్నా కలిసుంటే, ఆరిన తర్వాత కంచంలో మిగులుద్ది. అవి ఆరేదాకా తాతగారిని ఎవరూ ఏమీ అనకండి" అన్నారు. అని, ఆ ముసలాయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చున్నారు. చదువుకున్నాయన చెప్పాడు కదా అని జనం కూడా నీడల్లో సర్దుకున్నారు.

ఆ కంచం వంక చూసినట్టు నేను నా జీవితంలో దేని వంకా చూడలేదు. అంచుల నుంచి నీళ్ళు వెనక్కి జరుగుతున్నాయి. మాస్టారు నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. తాతతో తోటకూర మడి గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుతున్నారు. తాత తువ్వాలు వదలకుండా పట్టుకునే ఉన్నాడు. మా నాయనమ్మ వచ్చి నా రెక్క పట్టుకుని ఇంట్లోకి లాగబోయింది. నేను కదల్లేదు. నోరు తెరిస్తే మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి మాట వచ్చింది.

"నేనే కలిపాను."

"ఏం కలిపావమ్మా?" అని మాస్టారు మామూలుగా, బళ్ళో ప్రశ్న అడిగినట్టే అడిగారు.

"యూరియా. చల్లగా ఉంటాయని."

మా అమ్మ ఏడుస్తూ నా మీదికి చేయెత్తుకుని వచ్చింది. అక్క అడ్డం వచ్చింది. నా ముందు కూర్చుని, నా మొహం తన వైపు తిప్పుకుంది. రాత్రంతా ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

"చల్లగా అయినయ్యా నీళ్ళు?" అని అడిగింది.

"లేదక్కా."

"ఇష్టంగా తాగిందా పోనీ?"

అవునని ఉంటే సరిపోయేది. ఆమెకు ఆ పాటి ఊరటైనా దక్కేదేమో, నన్ను దగ్గరికి తీసుకునేదేమో కూడా. కానీ ఒకసారి నోరు తెరిచాక సగం చెప్పి సగం దాచడం నాకు చేతకాలేదు. "ముందు తాగలేదు. మూతి తీసేసుకుంది. నేనే తవుడేసి తాగించాను" అన్నాను. అక్క నా మొహం వదిలేసింది. లేచి దూడ దగ్గరికి వెళ్ళి, మా అందరికీ వీపు పెట్టి నిలబడింది.

తర్వాతవి చెప్పుకోవడానికి బాగుండవు. మా నాన్న మా ఇంట్లో పెరుగుతున్న గేదె పడ్డను తోలుకెళ్ళి అక్క గుంజకు కట్టేశాడు. అది పాలిచ్చే వేళకు ఇంకా రెండేళ్ళు పడుతుంది. తల్లి పాలు లేని దూడకు ఇంటింటా అడిగి పాలు పట్టారు కానీ తొమ్మిదో రోజున అదీ పోయింది. డాక్టరు గారు మళ్ళీ ఊళ్ళోకి వచ్చినప్పుడు మా నాన్నతో అంటుంటే విన్నాను, వెంటనే పుల్లమజ్జిగో చింతపండు పులుసో కడుపు నిండా పట్టించి ఉంటే నిలబడేదేమో అని. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కుండ నిండా పుల్లమజ్జిగ ఉంది. నేను దానితోనే అన్నం తిన్నాను.

మాస్టారు నన్ను బళ్ళో ఏమీ అనలేదు. చాలా రోజుల తర్వాత నేనే వెళ్ళి, ఆ కంచంలో చివరికి ఏం మిగిలిందండీ అని అడిగాను. "నువ్వు చెప్పగానే పారబోశానమ్మా" అన్నారు. మళ్ళీ ఆయనే, "కుడితి నీళ్ళాయె. నిజంగా ఏమన్నా మిగిలుండేదో లేదో నాకూ తెలీదు. నువ్వు చెప్పడానికి కాస్త టైం ఉండాలి కదా అని పెట్టాను" అన్నారు. మా నాయనమ్మ మాత్రం చాలా కాలం నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంటి పరువు వాకిట్లో పెట్టానని ఆమె కోపం. నన్ను కాపాడాలనే ఆమె ఊడ్చింది, ఆ ప్రేమను ఎలా తీసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్క ఏడాది తిరక్కుండానే తల్లిని తీసుకుని బెజవాడ వెళ్ళిపోయింది, పటమటలో ఏదో మెస్సులో వంటపనికి. వెళ్ళేదాకా నాతో బాగానే మాట్లాడింది, పండగకు పిండివంట కూడా పెట్టింది. కానీ గోడ మీంచి తొంగి చూసి, ఫలానా పని చేయవే అని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ పడ్డకు గడ్డి వేయమని కూడా అడగలేదు.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ఊరి పేరూ ఆసుపత్రి పేరూ అనవసరం. ఒక మధ్యాహ్నం పక్క మంచానికి ఇవ్వాల్సిన మందును ఒక చిన్నపాప సెలైన్‌లో కలిపేశాను. నీళ్ళలాగే ఉంది సీసా, చూస్తే ఎవరికీ తెలియదు. తెలిసింది నాకొక్కదానికే. మరుక్షణం గొట్టం బిగించేసి, వరండాలో వెళ్తున్న డాక్టరుకు వినబడేలా, పాప తల్లి ముందే, నేనేం కలిపానో మందు పేరుతో సహా అరిచి చెప్పాను. ఆ తల్లి లేచి నా చెంప మీద కొట్టింది. కొట్టించుకుని, పాప లేచి పాలు తాగేదాకా అక్కడే నిలబడ్డాను. మెమో ఇచ్చారు, తీసుకున్నాను. నీకేం పిచ్చా, చల్లగా సీసా మార్చేస్తే పోయేది కదా అని తోటి నర్సులు తర్వాత నన్ను దులిపేశారు.

అరవై దాటిన ఈ వయసులో కూడా నేను తప్పులు చేస్తూనే ఉన్నాను. కానీ ఆనాటి తర్వాత చేసినదాన్ని కడుపులో పెట్టుకుని ఒక్క పూట కూడా గడపలేదు. నన్ను నిజాయితీపరురాలని మెచ్చుకునేవాళ్ళకు ఏం చెప్పాలో నాకు తోచదు. నోరులేని పశువు ప్రాణం పోతే గానీ నాకు నోరు రాలేదు.